నూటికి పన్నెండు: నీళ్లలో కరిగే గుడ్డ గుట్టు

గుంటూరు, నరసరావుపేట, చీరాల, ఒంగోలు, ఏ ఊళ్లో జాకెట్ల దుకాణానికి వెళ్లినా కంప్యూటర్ వర్క్ బ్లౌజుల్లో ఈమధ్య ఒక రకం కనిపిస్తుంది. చేతి అంచున దారంతో కుట్టిన పువ్వు గుడ్డకు అతుక్కుని ఉండదు. రేకులు పైకి లేచి ఉంటాయి, కింది నుంచి వేలితో తోస్తే కదులుతాయి, వెలుతురుకు పట్టి చూస్తే దారాల సందుల్లోంచి అవతల ఏముందో కనబడుతుంది. పువ్వు కింద గుడ్డే లేదు. అయితే కుట్టుమిషన్ గాలిలో కుట్టలేదు కదా! పైదారం, కింది బాబిన్ దారం ఒకదాన్నొకటి మెలేసుకోవాలంటే మధ్యలో ఏదో ఒక గుడ్డ ఉండి తీరాలి. ఆ గుడ్డ ఏమైనట్టు? దుకాణంలో అడిగితే, నీళ్లలో వేశాం, కరిగిపోయింది అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకే తొట్టి, అవే నీళ్లు, గుడ్డ కరిగింది, దారం మిగిలింది. ఆ దారం నూలుదైతే మరీ విచిత్రం, ఎందుకంటే గుడ్డా దారమూ రెండూ నీటిని ఇష్టపడే పదార్థాలే, రెండింటి అణువుల నిండా నీటితో చెయ్యి కలిపే గుంపులే. నా వాదన ఒక్కటే. మిషన్ కుట్టే ఉబ్బెత్తు పనిలో గొప్పతనం మిషన్‌ది కాదు, డిజైన్ గీసిన సాఫ్ట్‌వేర్‌దీ కాదు, పని అయ్యాక కనిపించకుండా పోయే ఆధారానిది. ఆ ఆధారం పనిచెయ్యడానికి కారణం దాని తయారీలో పూర్తిచెయ్యకుండా వదిలేసిన నూటికి పన్నెండు పాళ్లు.

మిషన్ సంగతి రెండు ముక్కల్లో ముగిద్దాం. కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో సూది పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంది. కదిలేది గుడ్డను బిగించిన ఫ్రేము. ఎక్కడ పొడవాలో ఫైలు చెబుతుంది, నిమిషానికి కొన్ని వందల కుట్లు పడతాయి. ప్రతి కుట్టులోనూ పైదారం గుడ్డను కిందికి లాగుతుంది, బాబిన్ దారం దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ లాగుడు వల్లే మిషన్ పని సహజంగా చదునుగా వస్తుంది. మగ్గం వర్క్ చేసేవాళ్లు ఇది చూసే మిషన్‌ని చిన్నచూపు చూస్తారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆరీ సూది కింది నుంచి దారాన్ని కొక్కెంతో పైకి లాగి గొలుసు కుట్టు వేస్తుంది. ఆ దారం గుడ్డ మీద వదులుగా, గుండ్రంగా కూర్చుంటుంది. దాని పక్కనే జర్దోసీ, చమ్కీలు, పూసలు చేరితే ఎత్తు దానంతట అదే వస్తుంది. మిషన్‌కి ఆ సుఖం లేదు. దానికి ఎత్తు కావాలంటే ఉన్నవి రెండే దారులు. మొదటిది, కుట్టు కింద ఏదైనా పెట్టడం. రెండు మూడు మిల్లీమీటర్ల స్పాంజి రేకు పరిచి దాని మీద దగ్గర దగ్గరగా శాటిన్ కుట్టు వేస్తే, సూది పోట్లకు అంచు తెగి మిగతా స్పాంజి ఊడి వస్తుంది, లోపలిది ఉబ్బుగా ఉండిపోతుంది. టోపీల మీద అక్షరాలు ఇలా కుట్టినవే. రెండోది, కుట్టును గుడ్డ నుంచే విడిపించడం. ఈ రెండో దారే నన్ను కట్టిపడేసింది, మిగతా వ్యాసమంతా దాని గురించే.

కాసేపు నిలబెట్టి తర్వాత తప్పుకునే సాయం ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. చీరాల, జాండ్రపేట, వేటపాలెం మగ్గాల దగ్గర పడుగును బారుగా చాపి, గంజి పట్టించి, బ్రష్షుతో దువ్వి ఆరబెట్టడం తరతరాల పని. ఒంటి నూలు పోగు మగ్గం మీద అచ్చు రాపిడికి తట్టుకోలేదు, నూగు లేచి తెగిపోతుంది. గంజి ఆ నూగును అణిచి, పోగుకు ఒక తొడుగు వేస్తుంది. నేత పూర్తయి చీర ఉతుకులో పడ్డాక ఆ తొడుగు వెళ్లిపోతుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. బియ్యపు గంజి గ్లూకోజ్ అణువుల గొలుసు. లోపలున్న పత్తి నూలూ గ్లూకోజ్ అణువుల గొలుసే. ఇటుక ఒకటే, ఇటుకకీ ఇటుకకీ మధ్య అతుకు తిరిగిన వైపు మాత్రమే వేరు. గంజిలో ఆ అతుకు వల్ల గొలుసు మెలి తిరుగుతుంది, పొరుగు గొలుసులతో వరుస కుదరదు, వేడి నీరు లోపలికి చొరబడుతుంది. పత్తి సెల్యులోజ్‌లో గొలుసు పట్టీలా తిన్నగా సాగుతుంది, పట్టీ మీద పట్టీ పేర్చినట్టు స్ఫటికమై బిగుసుకుంటుంది, మరిగించినా కరగదు. ఒకే చక్కెరతో కట్టిన రెండు పదార్థాలు ఒకే పోగు మీద ఉంటే ఒకటి ఉతుకులో పోతుంది, ఇంకొకటి చీరై మిగులుతుంది. కరగడం, కరగకపోవడం పదార్థంలో ఏముందన్న దాని కన్నా అది ఎలా పేర్చి ఉందన్న దాన్ని బట్టి ఉంటుందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం మనకు అక్కర్లేదు.

ఎంబ్రాయిడరీలో ఈ తెలివి రావడానికి మాత్రం ఖరీదైన తప్పుదారులు తొక్కాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లీ 1863లో, పడవ ఆకారపు నాడెతో వందల సూదులు ఒకేసారి కుట్టే ష్కిఫ్లీ యంత్రాన్ని తయారుచేశాడు. ఇక చేతి లేసును యంత్రంతో కుట్టి అమ్మాలన్న ఆశ పుట్టింది. లేసులో గుడ్డ ఉండదు, యంత్రానికి గుడ్డ లేనిదే గడవదు. 1880లలో సెయింట్ గాలెన్, జర్మనీలోని ప్లావెన్ పట్టణాల వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం వింటే పట్టుపురుగుల మీద జాలి కలుగుతుంది. పట్టుగుడ్డ మీద నూలు దారంతో కుట్టి, మొత్తాన్ని కాస్టిక్ సోడాలో వేశారు. పట్టు ప్రొటీన్, క్షారానికి కరిగిపోతుంది. నూలు సెల్యులోజ్, దానికి తట్టుకుంటుంది. లేసు మిగిలింది, పట్టు మురిక్కాలవలో పోయింది. కుట్టు దారం పట్టుదైతే పని తలకిందులు చేసేవాళ్లు. నూలు గుడ్డ మీద కుట్టి, ఆమ్ల గుణమున్న ద్రావణంలో తడిపి, వేడిచేసి, గుడ్డను బొగ్గుపొడిలా రాల్చేసేవాళ్లు. తర్వాత అసిటేట్ గుడ్డ వచ్చింది. దాన్ని అసిటోన్‌లో కరిగించారు, ఆవిరికి నిప్పంటుకునే భయం దానితోపాటే వచ్చింది. అసిటేట్ రాకముందే, ఈ లేసుకే 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ప్లావెన్ పెద్ద బహుమతి కొట్టేసింది. మన బజార్లో జీపీఓ లేసు అని గజాల లెక్కన అమ్మేది ఈ వంశమే. వీటన్నిటిలో ఉన్న మూల లోపం ఒకటి. ఆధారం పోవాలంటే దానికి మాత్రమే సరిపడని ఏదో ఒక ఘాటు రసాయనం కావాలి, అందుకని దారానికీ గుడ్డకీ జాతివైరం ఉంటేనే పని జరుగుతుంది. మామూలు నీళ్లకే కరిగే గుడ్డ ఉంటే ఈ తంటా ఉండదు. నీళ్లకు కరిగే గుడ్డ అన్న మాట మాత్రం అప్పట్లో ఎవరి ఊహకూ అందలేదు, గుడ్డ అంటేనే ఉతకడానికి పనికొచ్చేదని అర్థం కనుక.

ఆ గుడ్డ పేరు పాలీవినైల్ ఆల్కహాల్. 1924లో జర్మనీలో విల్లీ హెర్మన్, వోల్ఫ్రామ్ హేనెల్ అనే ఇద్దరు రసాయనవేత్తలు దీన్ని మొదట తయారుచేశారు. దీని పుట్టుకలోనే ఒక తమాషా ఉంది. పేరును బట్టి వినైల్ ఆల్కహాల్ అణువుల్ని గొలుసుగా కలిపితే ఇది వస్తుందనుకుంటాం. అలా కుదరదు. వినైల్ ఆల్కహాల్ విడిగా నిలవదు, పుట్టీపుట్టగానే అసిటాల్డిహైడ్‌గా మారిపోతుంది. తల్లి లేని ఈ బిడ్డను దొడ్డిదారిన తేవాలి. ముందు వినైల్ అసిటేట్‌ను గొలుసు కడతారు. అది పాలీవినైల్ అసిటేట్, మన వడ్రంగులు వాడే ఫెవికాల్ లాంటి తెల్లజిగురులో ఉండేది అదే. ఆ గొలుసును మిథనాల్‌లో కలిపి కొద్దిగా క్షారం తగిలిస్తే, గొలుసుకు వేలాడుతున్న అసిటేట్ గుంపులు ఒక్కొక్కటే ఊడిపోయి వాటి చోట హైడ్రాక్సిల్ గుంపులు మిగులుతాయి. రెంటికీ పొట్టిపేరు పి.వి.ఎ. కావడంతో బోలెడు గందరగోళం. పిల్లల క్రాఫ్టు పుస్తకాల నుంచి కుట్టు వీడియోల దాకా జిగురుకు చెప్పవలసిన గుణాలు గుడ్డకూ, గుడ్డకు చెప్పవలసినవి జిగురుకూ అంటగడుతూనే ఉన్నారు. ఒకటి ఎండాక నీళ్లు పోసినా తిరిగి కరగదు, రెండోది కరుగుతుంది, అదీ అన్నివేళలా కాదు. ఆ రోజుల్లో అసలు ఇంత పొడవాటి గొలుసు అణువులు ఉంటాయంటేనే పెద్ద రసాయనవేత్తలు ఒప్పుకునేవారు కాదు. చిన్న అణువులు గుంపుగా అంటుకున్నాయి తప్ప గొలుసూ లేదు, ఏమీ లేదన్నారు. హెర్మన్ స్టాడింగర్ ఒంటిగా వాదించాడు. అసిటేట్ తీసేసినా, మళ్లీ తగిలించినా గొలుసు పొడవు మారడం లేదని చూపించడం ఆయన సాక్ష్యాల్లో ఒకటి. గుంపు అయితే రసాయన గుణం మారగానే చెదిరిపోవాలి కదా! ఆయనకు నోబెల్ 1953లో గాని రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అసిటేట్‌కి నీరంటే పడదు, హైడ్రాక్సిల్‌కి నీరంటే ప్రాణం. ఊడగొట్టడం ఎంత ఎక్కువైతే హైడ్రాక్సిల్ అంత ఎక్కువ, కాబట్టి కరగడమూ అంత సులువు కావాలి. ఎవరైనా అలాగే అనుకుంటారు. జరిగేది మరొకటి. అసిటేట్‌ను దాదాపు పూర్తిగా, నూటికి 98, 99 పాళ్లు ఊడగొట్టిన రకాన్ని చన్నీళ్లలో పడేస్తే కాస్త ఉబ్బి ఊరుకుంటుంది. కరగాలంటే నీటిని 90 డిగ్రీల దరిదాపుల దాకా కాచాలి. నూటికి 88 దగ్గర ఆపేసిన రకం, అంటే 12 పాళ్లు నీటికి గిట్టని గుంపులు ఇంకా వేలాడుతున్న రకం, కుళాయి నీళ్లలోనే కరుగుతుంది. నీటిని ప్రేమించే గుంపులు మరీ ఎక్కువైతే వాటికి పక్కనున్న నీటి కన్నా పక్క గొలుసులోని తమలాంటి గుంపులే దగ్గరవుతాయి. హైడ్రాక్సిల్‌కి హైడ్రాక్సిల్ హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది, గొలుసు పక్కన గొలుసు సర్దుకుంటుంది, స్ఫటికాలు ఏర్పడతాయి, నీటికి చోటు ఉండదు. అసిటేట్ గుంపు లావుపాటిది. అది అక్కడక్కడ అడ్డం పడితే గొలుసులు దగ్గరికి రాలేవు, స్ఫటికం కట్టడం చెడుతుంది, ఆ సందులోంచి నీరు దూరుతుంది. నీటికి గిట్టని గుంపే నీటికి తలుపు తీస్తోందన్నమాట. అలాగని అసిటేట్ పెంచుకుంటూ పోయినా లాభం లేదు. ఊడగొట్టిన పాలు నూటికి 80 దరిదాపులకు దిగితే మరో వింత. చన్నీళ్లలో కరిగినది కాచగానే విడిపోయి నీరు తెల్లబడుతుంది. ఇంకా దిగజారితే ఏ నీళ్లకూ కరగదు. రెండు శక్తులు ఎదురుబొదురుగా లాగుతున్నాయి. ఒకటి నీటి మీది ప్రేమ, రెండోది తమలో తమకున్న బిగువు. 88 దగ్గర మొదటిది నిలిచి రెండోది ఓడుతుంది. జాకెట్టు చేతి మీద ఆ పువ్వు నిలబడటం ఈ ఇరుకైన చోటు వల్లే.

హైడ్రోజన్ బంధాల బిగువు అన్న ఈ వివరణ మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పత్తి ఎందుకు కరగదంటే హైడ్రోజన్ బంధాల వల్ల అని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. స్వీడన్ శాస్త్రవేత్త బ్యోర్న్ లిండ్‌మాన్ 2010 ప్రాంతంలో దీన్ని నిలదీశాడు. నీరు కూడా హైడ్రోజన్ బంధాలు ఇవ్వగలదు కదా, సెల్యులోజ్ తన పొరుగుతో తెంచుకున్న బంధానికి బదులు నీటితో వేసుకుంటే లెక్క సరిపోతుంది, మరి నష్టమేమిటి? గ్లూకోజ్ చక్రానికి చుట్టూ అంచున హైడ్రాక్సిల్ ఉన్నా, పైముఖం, కిందిముఖం నూనె తరహావి, నీటికి గిట్టనివి. ఆ ముఖాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడమే అసలు బిగువు అని ఆయన వాదం. దీని మీద రసాయనవేత్తలు తగువు పడ్డారు. రెండు కారణాలూ కలిసి పనిచేస్తాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. నాకు ఇందులో నచ్చేది ఇది. మన కరిగే గుడ్డ లిండ్‌మాన్ వాదాన్ని దెబ్బతీయదు, కాస్త బలపరుస్తుంది కూడా. బంధాల లెక్క ఒక్కటే ముఖ్యమైతే అసిటేట్ అడ్డం పడినందుకు ఇంత తేడా రాకూడదు. వరుస కుదరకపోవడం, దగ్గరగా పేర్చుకోలేకపోవడం, అదీ అసలు మాట. బంధానికి ముందు పేర్పు.

దీనికి ఇంకో సాక్ష్యం దారపు రీలులోనే ఉంది. ఎంబ్రాయిడరీకి వాడే మెరుపు దారాలు ఎక్కువగా విస్కోస్‌వో పాలియెస్టర్‌వో. విస్కోస్ అంటే చెట్టు గుజ్జులోని సెల్యులోజ్‌ను ఒకసారి కరిగించి మళ్లీ పోగు తీసింది. రసాయనం ప్రకారం అది పత్తికి తోబుట్టువే. కానీ పత్తి గొలుసులో వేల గ్లూకోజ్ చక్రాలుంటే విస్కోస్ గొలుసులో కొన్ని వందలే. వరుస కూడా వదులు. దాని ఫలితం తడిలో తెలుస్తుంది. పత్తి దారం తడిస్తే బలం పెరుగుతుంది. విస్కోస్ దారం తడిస్తే బలంలో దాదాపు సగం పోతుంది, ఆరాక మళ్లీ వస్తుంది. గుడ్డ లేని పువ్వుకు ఇది చావుబతుకుల సమస్య. ఆధారం కరుగుతున్న ఆ పది నిమిషాల్లోనే దారం కూడా అతి బలహీనంగా ఉంటుంది. అప్పుడు పిండితే, రుద్దితే, బకెట్లోంచి ఒక రేకు పట్టి లేపితే కుట్లు జారిపోతాయి. పాలియెస్టర్‌కి ఈ బాధ లేదు, దానికి నీటితో సంబంధమే లేదు. కాబట్టి విస్కోస్ మెరుపు కోసం పట్టుబట్టేవాళ్లు కనీసం జల్లెడ మీద పరిచి కడగాలి. పత్తి పండే నేల మీద కూర్చుని చెట్టు గుజ్జు దారంతో, చమురు దారంతో పువ్వులు కుడుతున్నామన్నది వేరే దిగులు. బారు పింజ పత్తిని సన్నగా వడికి మెరుగు పట్టించే పని ఇక్కడ పెరగలేదు, మన పత్తి ఎక్కువగా జిన్నింగ్ మిల్లు గడప దాటి బేళ్లుగా వెళ్లిపోతుంది.

పాలీవినైల్ ఆల్కహాల్ చరిత్రలో మరో మలుపు ఉంది, నవ్వు తెప్పించేది. 1938 అక్టోబరులో అమెరికాలో డూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించగానే జపాన్ పట్టు వ్యాపారం గుండె గుభేలుమంది. మరుసటి ఏడు క్యోటోలో ఇచిరో సకురద, కొరియా నుంచి వచ్చిన రీ సుంగ్ గీ, హిరోషి కవకామి కలిసి పాలీవినైల్ ఆల్కహాల్ నుంచి పోగు తీశారు. వాళ్లకు ఎదురైన పెద్ద తలనొప్పి ఏమిటో ఊహించడం కష్టం కాదు: గుడ్డ నీళ్లలో కరిగిపోతోంది! దాన్ని ఆపడానికి పోగును వేడిచేసి స్ఫటికాలు పెంచారు, పైగా ఫార్మాల్డిహైడ్‌తో హైడ్రాక్సిల్ గుంపుల్ని జోడించి మూసేశారు. అలా పుట్టింది వినైలాన్. జపాన్‌లో 1950లో కర్మాగారానికి ఎక్కింది. రీ సుంగ్ గీ ఉత్తర కొరియా వెళ్లాక హంహుంగ్‌లో 1961లో దానికి పెద్ద ఫ్యాక్టరీ లేచింది, ఆ దేశంలో జనం కట్టుకునే బట్ట అదే అయింది. ఒక తరం శాస్త్రవేత్తలు ప్రాణం పెట్టి పోగొట్టిన గుణాన్నే తర్వాతి తరం కుట్టుపనివాళ్లు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. కరిగే రకం చేతిలో ఉండగానే దాన్ని లోపంగా చూసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. గుడ్డకు ఉండే పని ఒకటే అనుకున్నారు, అంతే.

చేతిలోకి తీసుకుని చూస్తే ఈ సరుకు రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి పారదర్శకమైన ప్లాస్టిక్ రేకులా ఉంటుంది, రెండోది నేతలేని పల్చని తెల్లగుడ్డలా ఉంటుంది. టర్కీ తువ్వాలు లాంటి నూగు గుడ్డ మీద అక్షరాలు కుట్టేటప్పుడు పల్చటి రేకును పైన పరుస్తారు, అది కుట్టు నూగులోకి దిగబడకుండా ఆపుతుంది. గుడ్డ లేని పువ్వుకు మందపాటిది కావాలి, లేదా ఆ తెల్లగుడ్డ కావాలి. ఎందుకంటే వేల పోట్లు పడ్డాక పల్చని రేకు సూది దారిలో తెగి విడిపోతుంది. దర్జీ దుకాణంలో మిగిలిన గుడ్డ పీలికలు, జరీ తుంపులు, దారపు ముక్కలు రెండు రేకుల మధ్య పరిచి, మీద గడులు గడులుగా కుట్టి, రేకు కరిగిస్తే అప్పటిదాకా లేని గరుకుగుడ్డ ఒకటి చేతికొస్తుంది. కరగడం కూడా ఒక్కసారిగా జరగదు. మొదట నీరు లోపలికి దూరి రేకును ఉబ్బిస్తుంది, అది జిగటగా మారుతుంది, ఆ జిగట పై పొర నుంచి గొలుసులు ఒక్కొక్కటే చిక్కు విడిపించుకుని నీటిలోకి జారుకుంటాయి. పొడవాటి గొలుసుకు చిక్కు వీడటానికి వ్యవధి కావాలి. అందుకే రుద్దడం వృథా, నీళ్లు మార్చి మార్చి నానబెట్టడమే పని. రుద్దితే జిగట దారాల సందుల్లోకి కూరుకుపోతుంది. ఈ జిగటనే తెలిసినవాళ్లు వాడుకుంటారు. పూర్తిగా కడగకుండా సగంలో ఆపి, తడి రేకుల్ని గిన్నె బోర్లించి దాని మీద ఆరబెడితే, మిగిలిన పదార్థం లోలోపల గట్టిపడి రేకులు వంపు తిరిగిన చోటే నిలుస్తాయి. ఆ బిగువు పలుచటి గంజి బిగువు లాంటిదే, వానలో తడిస్తే మాత్రం పోతుంది.

ఎండ, తేమ ఈ సరుకుతో ఆడుకుంటాయి. నీరే దానికి మెత్తదనం ఇస్తుంది. రోహిణి కార్తెలో పడమటి గాడ్పు వీచే రోజుల్లో గాలిలో తేమ పడిపోతే, రేకు పెళుసై సూది కింద చిట్లుతుంది. ముసురు పట్టిన రోజుల్లో అదే రేకు తేమ పీల్చి సాగి, ఫ్రేములో వదులై, కుట్టిన గీతలు పక్కకు జరుగుతాయి. మిరపకాయకు ఏసీ గోడౌన్లు కట్టుకున్న జిల్లాలో ఈ రేకు కోసం గాలి చొరని డబ్బా ఒకటి పెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు. ఇస్త్రీ మరీ ప్రమాదం. కడగక ముందే వేడి పెట్టె ఆనిస్తే గొలుసులు కదిలి వరుసలో సర్దుకుంటాయి, స్ఫటికాలు పెరుగుతాయి, వినైలాన్ వాళ్లు కావాలని చేసిందే మనం తెలియక చేసినట్టవుతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా కొంత అట్టకట్టి ఉండిపోతుంది. రాత్రి అన్నం పొద్దుటికి గట్టిపడేది కూడా పిండిపదార్థపు గొలుసులు ఇలా వరుస కట్టడం వల్లే.

డిజైన్ గీసేవాళ్లు ఒక మాట అంటారు. ఎంత మంచి రేకు కొన్నా డిజైన్ తప్పైతే పువ్వు విడిపోతుంది కదా, మరి గొప్పతనం రేకుదంటారేం అని. డిజైన్ తప్పైతే పని పాడవుతుందన్నది నిజం. గుడ్డ ఉన్నప్పుడు ఏ కుట్టుకా కుట్టు గుడ్డను పట్టుకుని బతుకుతుంది. గుడ్డ పోయాక కుట్టుకు కుట్టే ఆధారం. అందుకని ముందు అడ్డం, నిలువు, ఐమూల గీతలతో ఒక వల కుట్టి, దాని మీద రేకుల శాటిన్ కుట్టు ఆ వలను దాటి అంచులు పట్టుకునేలా వేయాలి. మామూలు జాకెట్టు డిజైన్‌ను తెచ్చి కరిగే గుడ్డ మీద కుట్టేస్తే బకెట్లో దారపు ఉండ మిగులుతుంది. కానీ ఈ వల తెలివి ప్లావెన్ వాళ్లకు నూటనలభై ఏళ్ల కిందటే ఉంది. వాళ్లకు లేనిది నీళ్లకు లొంగే గుడ్డ. దాంతోపాటు ఏ దారమైనా వాడుకునే స్వేచ్ఛ కూడా లేదు. పట్టు, నూలు, జరీ, పాలియెస్టర్, ఉన్ని అన్నీ ఒకే పువ్వులో పెట్టగలగడం 88 దగ్గర ఆపిన ఆ గొలుసు ఇచ్చిన వరం. డిజైన్ కావాలి, కాదనను. కానీ వల నేర్పించగలం, గొలుసును మాత్రం కర్మాగారమే చెయ్యాలి.

రెండో అభ్యంతరం బరువైనది. కరిగిందంటే మాయమైందని కాదు. కడిగిన నీళ్లలో ఆ గొలుసులు అలాగే ఉన్నాయి, కంటికి కనబడటం లేదంతే. పాలీవినైల్ ఆల్కహాల్‌ను తినే సూక్ష్మజీవులు ఉన్నాయని 1970లలోనే జపాన్ పరిశోధకులు చూపించారు. అలవాటుపడిన మురుగుశుద్ధి తొట్టెల్లో అది విరుగుతుంది. అయితే అన్ని తొట్టెలూ అలవాటు పడినవి కావు. 2021లో చార్లెస్ రోల్స్కీ, వరుణ్ కేల్కర్ అనే పరిశోధకులు అమెరికాలో బట్టల సబ్బు గోలీల పొరగా వాడే ఇదే పదార్థం చాలా భాగం విరగకుండానే బయటపడుతోందని అంచనా వేశారు. ఆ అంచనాకు డబ్బు పెట్టింది అలాంటి పొర లేని సబ్బులు అమ్మే కంపెనీ అని సబ్బు పరిశ్రమ ఎదురు తిరిగింది. ఎవరి డబ్బైనా ప్రశ్న మాత్రం నిజమైనదే. చిన్న దుకాణపు బకెట్టు నీళ్ల కన్నా, పడుగుకు గంజి బదులు దీన్నే పట్టించి తర్వాత కడిగేసే పెద్ద నేత మిల్లుల లెక్క ఎన్నో రెట్లు. బియ్యపు గంజి ఈ విషయంలో ఎదురులేనిది, దాన్ని తిననిది లేదు. కరిగే పువ్వును గంజితో చెయ్యలేమా అంటే, గంజి రేకు సూది పోట్లకు పగిలిపోతుంది. ఆ లోటు తీర్చే మార్గం ఎవరైనా కనిపెడితే నేను ఈ వ్యాసం తిరగరాస్తాను.

ఇక ఉపయోగాలంటారా, లేసు పువ్వులు, బ్లౌజు కట్ వర్క్, పిల్లల గౌన్ల మీద సీతాకోకచిలుకలు. అవి ఎలా కుట్టాలో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. నా సణుగుడు అమ్మేవాళ్ల మీద. చన్నీళ్లకు కరిగేదీ, కాగిన నీళ్లకు మాత్రమే కరిగేదీ చూడ్డానికి ఒక్కలా ఉంటాయి. చుట్ట మీద రంగుల బొమ్మ ఉంటుంది గానీ ఎన్ని డిగ్రీల నీళ్లకో ఉండదు. దాంతో కాచిన నీళ్ల రకాన్ని చన్నీళ్లలో గంటలకొద్దీ నానబెట్టి, సరుకు నకిలీదని తిట్టేవాళ్లు ఒకవైపు, చన్నీళ్ల రకానికి వేడినీళ్లు పోసి విస్కోస్ దారం రంగు దించేవాళ్లు ఇంకోవైపు. కొనేముందు ఎన్ని డిగ్రీలకు కరుగుతుందో అడగండి. చెప్పలేకపోతే గోరంత ముక్క కత్తిరించి గ్లాసుడు కుళాయి నీళ్లలో వేయండి. రెండు నిమిషాల్లో జిగటగా మారి జారిపోతే అది చన్నీళ్లది, ఉబ్బి ఊరుకుంటే పొయ్యి వెలిగించాల్సిందే.